గ్రాంటు మూడేళ్లు, కాగితం మూడు వందలేళ్లు: పాత ప్రతుల ప్రాజెక్టుకు ఏ దారి మేలు?

ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, పాత రికార్డుల గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో, నాకొక సొరుగు తెరిచి చూపించారు. అందులో నాలుగు హార్డ్ డిస్కులున్నాయి. ఒకదాని మీద మార్కరుతో ‘ఫైనల్’ అని ఉంది, ఇంకోదాని మీద ‘ఫైనల్ 2’, మూడోదాని మీద ‘సార్ దగ్గరిది’. నాలుగోదాని మీద ఏమీ లేదు. మూడేళ్ల ప్రాజెక్టు ఫలితమంతా అదే. మొదటి రెండు డిస్కులు అసలు తిరగలేదు. మూడోది తిరిగింది కానీ అందులోని ఫైళ్లకు కెమెరా ఇచ్చిన అంకెలే పేర్లు. ఏ ఫొటో ఏ రాతప్రతిలోని ఏ పుటదో చెప్పగలిగిన పరిశోధక విద్యార్థికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు. పక్క గదిలో అసలు ప్రతులు మాత్రం బీరువాల్లో పురుగు తిన్నచోట తిన్నట్టే ఉన్నాయి, చదవడానికి వీలుగానే ఉన్నాయి.

అప్పటి నుంచి ఎవరైనా వచ్చి ‘మాకు పరిశోధన నిధులు వచ్చే సూచనలున్నాయి, ఏ స్కానరు కొనమంటారు?’ అంటే, స్కానరు మాట పక్కన పెట్టి ముందు ఒకటే అడుగుతాను. గ్రాంటు ముగిసిన మర్నాడు పొద్దున ఈ పని ఎవరి బల్ల మీద ఉంటుంది? కింద నేను చేసిన పోలికలన్నింటికీ తూకపురాయి ఇదే.

డబ్బు స్వభావం ముందు తెలియాలి

పరిశోధన నిధికి మొదలుంటుంది, తుది ఉంటుంది. మధ్యలో ఒక ప్రశ్న ఉండాలి, చివర్లో వ్యాసాలు అచ్చు కావాలి. పరిరక్షణ అలాంటిది కాదు. అది ఇల్లు ఊడవడం లాంటి పని, ఈ రోజు ఊడిస్తే రేపు మళ్లీ ఊడవాలి. కమిటీలు మొదటిదానికి సంతోషంగా డబ్బిస్తాయి, రెండోదాన్ని ‘అది గ్రంథాలయం వాళ్లు చూసుకుంటారు’ అని దాటేస్తాయి. గ్రంథాలయం వాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పరు.

చేయదగిన పనులు స్థూలంగా నాలుగు. అసలు ప్రతులను కాపాడటం, వాటికి సరైన జాబితా తయారు చేయడం, డిజిటల్ ప్రతులు తీయడం, వాటిని చదివి పాఠం తయారు చేసి నలుగురికీ అందించడం. ప్రతిపాదనలో చివరి రెండూ తళతళలాడతాయి. మొదటి రెండూ బడ్జెట్ పట్టికలో ‘ఇతర ఖర్చులు’ అనే వరుసలో దాక్కుంటాయి. నేనైతే ఈ వరుసను తిరగేస్తాను. ఒక్క అయస్కాంత టేపుల విషయంలో మాత్రం మినహాయింపు ఇస్తాను, వాటి సంగతి తర్వాత చెబుతాను.

జాబితా ముందా, స్కానింగు ముందా?

ఆరు నెలల చిన్న నిధి మాత్రమే చేతిలో ఉంటే, కెమెరా ముట్టుకోకుండా జాబితా ఒక్కటే పూర్తి చేయండి. ఇది వినడానికి చప్పగా ఉంటుందని తెలుసు. కానీ జాబితా లేని వెయ్యి ఫొటోల కంటే ఫొటోలు లేని వెయ్యి వరుసల జాబితా ఎక్కువమందికి అక్కరకొస్తుంది. వెతుకుతున్న పరిశోధకుడికి ముందు కావలసింది ‘అది మీ దగ్గర ఉందా?’ అన్నదానికి జవాబు.

ప్రమాదం జరిగిన రోజున ఆ జవాబు విలువ ఇంకా పెరుగుతుంది. 2018 సెప్టెంబరు 2న బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడింది. అది రియో డి జనీరో ఫెడరల్ విశ్వవిద్యాలయం నడిపే సంస్థ. ఆదివాసీ భాషల రికార్డింగులు, క్షేత్ర పరిశోధకుల నోట్సు ఉన్న భాషా విభాగపు నిల్వ బూడిదైంది. మంటలు ఆరాక మ్యూజియం చదువుల విద్యార్థులు, గతంలో అక్కడికి వచ్చినవాళ్లు తీసుకున్న ఫొటోలు పంపమని లోకాన్ని వేడుకున్నారు. 2021 ఏప్రిల్ 18న కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలోని జాగర్ గ్రంథాలయానికి కొండ మీది కార్చిచ్చు అంటుకున్నప్పుడు పఠనమందిరం కాలిపోయింది. కింది అంతస్తుల నిల్వలను అగ్నినిరోధక తలుపులు కాపాడాయి కానీ మంటలార్పిన నీళ్లు అక్కడిదాకా దిగాయి. స్వచ్ఛంద కార్యకర్తలు వరుసకట్టి తడిసిన పెట్టెలను బయటికి చేర్చారు. అలాంటి వేళ ఏ పెట్టెలో ఏముందో, ముందు దేన్ని ఆరబెట్టాలో చెప్పగలిగేది జాబితా ఒక్కటే. అది కూడా ఆ భవనంలోనే ఉంటే లాభం లేదు.

జాబితాకు ఏ పద్ధతి అనుసరించాలన్నది రెండో ఎంపిక. ఒక వ్యక్తి, కుటుంబం లేదా కార్యాలయం కాగితాలు దొంతరగా వచ్చి ఉంటే అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి వివరణ ప్రమాణం సరిపోతుంది. అందులో అంశాలు 26 ఉన్నా తప్పనిసరి అనదగ్గవి ఆరే: గుర్తింపు సంఖ్య, శీర్షిక, సృష్టికర్త, తేదీ, పరిమాణం, వివరణ ఏ స్థాయిదన్నది. మొత్తం దొంతర నుంచి మొదలుపెట్టి విడి కాగితం దాకా మెట్లుమెట్లుగా దిగుతుంది. దేనికదే అయిన ఫొటోలు, పుస్తకాలు, పోస్టర్లు అయితే 1995లో పుట్టిన 15 అంశాల డబ్లిన్ కోర్ అనే వివరణ పద్ధతి తేలిక. రెండూ కలగలిసిన సేకరణకు నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను. కాగితం ఏ దొంతరలోంచి వచ్చిందో ఒకసారి చెరిగిపోతే మళ్లీ కూర్చలేం. డబ్లిన్ కోర్‌కు మార్చుకోవడం ఎప్పుడైనా చేయవచ్చు.

‘జాబితా రాయడం పరిశోధన ఎలా అవుతుంది?’ అని సమీక్షకులు అడుగుతారు. తేదీ లేని ఉత్తరానికి కాగితంలోని నీటిగుర్తును బట్టి, సిరాను బట్టి, అందులో ప్రస్తావించిన మనుషులను బట్టి కాలం కట్టడం పరిశోధన కాకపోతే మరేమిటో నాకు తెలియదు. ఆ ముక్క ప్రతిపాదనలోనే గట్టిగా రాయండి.

అన్నట్టు, ఆ సొరుగులోని నాలుగో డిస్కు తిరిగింది. అందులో ఉన్నది ఒకే ఒక్క పట్టిక. ప్రాజెక్టు జీతపు పట్టికలో పేరు కూడా లేని గ్రంథాలయ సహాయకురాలు ఒకరు బీరువా, అర, కట్ట సంఖ్యలతో తన వీలు కొద్దీ టైపు చేసుకున్నది. అక్షరదోషాలున్నాయి, ఖాళీలున్నాయి. తర్వాత వచ్చిన బృందం పని మొదలుపెట్టింది దాని ఆధారంగానే.

అసలు ప్రతికి పెట్టె కొనాలా, మరమ్మతు చేయించాలా?

ఇక్కడ పొరపాటు ఎక్కువగా మరమ్మతు వైపు జరుగుతుంది. చినిగిన ఒక గ్రంథాన్ని నిపుణుడి చేత అందంగా బాగు చేయించి, ముందూ వెనకా ఫొటోలు తీసి నివేదికలో పెడితే చూడముచ్చటగా ఉంటుంది. అదే డబ్బుతో గదిలోని ప్రతులన్నింటికీ ఆమ్లరహిత పెట్టెలు వస్తాయి. మొత్తం సేకరణ ఆయుష్షు చూసుకుంటే పెట్టెలే గెలుస్తాయి. పెట్టె దుమ్మును, వెలుతురును ఆపుతుంది, తేమలోని ఒడిదుడుకులను నెమ్మదింపజేస్తుంది, పైకప్పు కారితే మొదటి గంట కాపాడుతుంది.

గది వాతావరణం మీద పెట్టే ఖర్చు కూడా ఇంతే. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గితే కాగితం ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని సంరక్షకులు లెక్క వేస్తారు. అయితే పగలు చల్లటి యంత్రం నడిపి రాత్రి ఆపేసే గది కంటే, కాస్త వెచ్చగా ఉన్నా నిలకడగా ఉండే గదే నయం. రోజూ వ్యాకోచించి సంకోచించే కాగితం, తోలు, తాటాకు త్వరగా అలసిపోతాయి. యంత్రం కొనే ముందు దాని కరెంటు బిల్లు గ్రాంటు తర్వాత ఎవరు కడతారో అడగండి. జవాబు లేకపోతే ఆ డబ్బు పెట్టెలకు, కిటికీ తెరలకు, తేమ కొలిచే పరికరాలకు మళ్లించండి.

ఏది ముందు పోతుందో తెలుసుకోవడం ఇంకో సంగతి. పాతదే ముందు పోతుందనుకుంటాం. 16వ శతాబ్దంలో గుడ్డపేలికలతో చేసిన కాగితం ఈ రోజుకీ మెత్తగా వంగుతుంది. 19వ శతాబ్దం మధ్య నుంచి కలపగుజ్జు, పటిక కలిపి చేసిన కాగితంలో ఆమ్లం పుట్టి లోపలి నుంచి తినేస్తుంది. అలాంటి పత్రిక ఒకటి తీసుకోండి, తప్పకుండా రెండో ప్రతి ఉన్నదే సుమా. మూలను ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి మడవండి. రెండో మడతకే బిస్కెట్ ముక్కలా విరిగి వేలికి గోధుమరంగు పొడి అంటుకుంటే, దాన్ని స్కానరు కింద పెట్టడానికి ఒక్కసారే అవకాశం ఉందని అర్థం. అచ్చయి నూరేళ్లే అయినా ముందు వరుసలో నిలబెట్టాల్సింది దాన్నే. ఇనుపసిరాతో రాసిన ప్రతులది మరో తీరు. అక్షరం ఉన్నచోటే కాగితం చిల్లుపడి, పుట తిప్పుతుంటే అక్షరాలు ఒడిలో రాలతాయి.

టేపులు ఆగవు

మీ సేకరణలో క్యాసెట్లు, రీలు టేపులు, వీడియో టేపులు ఉంటే ఇంతదాకా చెప్పిన వరుస మర్చిపోండి. ముందు వాటిని డిజిటల్ చేయండి, జాబితా అదే సమయంలో రాసుకోండి. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని ఆర్కైవు 2015లోనే ఒక హెచ్చరిక పత్రం విడుదల చేసింది. 2025 నాటికి డిజిటల్ కాని అయస్కాంత టేపులు చాలామటుకు చేజారిపోతాయన్నది దాని సారాంశం. గడువు దాటిందని టేపులన్నీ ఒక్కరోజులో మూగబోవు కానీ, వాటిని నడిపే యంత్రాలు, విడిభాగాలు, బాగు చేసే చేతులు ఏటికేడు కరిగిపోతున్నాయి. కాగితం పాడవుతుంటే కంటికి కనిపిస్తుంది. టేపు మాత్రం పైకి బాగానే ఉండి, యంత్రంలో పెట్టాక అతుక్కుపోయి కీచుమంటుంది.

సొంతంగా చేయాలా, బయట ఇవ్వాలా అంటే టేపుల విషయంలో నేను బయటి నిపుణులవైపే మొగ్గుతాను. సర్వీసు చేయని పాత యంత్రం ఒక్కటి చాలు, మిగిలిన ఏకైక టేపును నమిలేయడానికి. నాణ్యత విషయంలో బేరాలు వద్దు. ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం సూచించేది 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, అంటే సెకనుకు 96 వేల నమూనాలు, ఒక్కో నమూనాకు 24 బిట్లు. స్టీరియోలో గంటకు సుమారు 2 గిగాబైట్లు పడుతుంది. ‘ఇంత ఎందుకు, మాటలే కదా’ అనేవాళ్లు ఉంటారు. ఆ మాటల వెనక రోకటి చప్పుడు, పిట్ట అరుపు, ప్రశ్న అడిగినప్పుడు ఆ ముసలాయన ఊపిరి తీసిన తీరు కూడా రేపటి పరిశోధకుడికి సమాచారమే.

స్కానరా, కెమెరాయా?

చివరికి అందరూ అడిగే ప్రశ్నకు వచ్చాం. విడి కాగితాలు, ఫొటోలు, గాజు నెగటివులు అయితే బల్లపరుపు స్కానరు చాలు, తక్కువ ఖర్చు, నిలకడైన వెలుతురు. కుట్టిన పుస్తకాన్ని మాత్రం దాని మీద బోర్లించి నొక్కకండి. పుస్తకం పూర్తిగా తెరుచుకోవాల్సి వస్తే వెన్ను విరుగుతుంది. పుస్తకాలకు, కట్టలకు పైనుంచి కెమెరా బిగించిన స్టాండు, 90 నుంచి 120 డిగ్రీలే తెరిచి ఉంచే ఊయల లాంటి ఆసరా సరైనవి. పని కూడా చురుగ్గా సాగుతుంది. కాగితాలను లోపలికి లాక్కునే ఆఫీసు స్కానర్లు వేగంలో వీటన్నింటినీ మించుతాయి. పాత ప్రతికి వాటిని వంద గజాల దూరంలో ఉంచండి.

కెమెరాలో ఎన్ని మెగాపిక్సెళ్లని తర్జనభర్జన పడేవాళ్లు రంగుల కొలబద్ద పెట్టడం మర్చిపోతారు. ప్రతి పుట పక్కన ఒక కొలబద్ద, రంగుల పట్టీ ఉంటే ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ ఎరుపు అసలు ఎరుపేనా అని సరిచూసుకోవచ్చు.

సాంద్రత గురించి చిన్న లెక్క. ఏ4 పుటను అంగుళానికి 400 చుక్కల సాంద్రతతో, పూర్తి రంగుల్లో, కుదించని టిఫ్ ఫైలుగా తీస్తే సుమారు 46 మెగాబైట్లు. పదివేల పుటలకు 460 గిగాబైట్లు. మూడు ప్రతులు దాచినా ఒకటిన్నర టెరాబైట్ లోపే. 600 చుక్కలకు వెళితే అది రెండుంపావు రెట్లవుతుంది, మామూలు చేతిరాతకు దానివల్ల కలిసొచ్చేది స్వల్పం. సన్నని గీతల చెక్కుడు బొమ్మలకు, చిన్న ఫొటోలకు మాత్రం 600 సబబు. దాచే ప్రతికి టిఫ్ లేదా నష్టంలేని జేపెగ్ 2000, చూపే ప్రతికి మామూలు జేపెగ్ అనుకుంటే ఆ చర్చ అక్కడితో ముగించవచ్చు.

మైక్రోఫిల్మును ముసలి సాంకేతికత అని కొట్టిపారేయకండి. పాలిస్టర్ ఆధారం మీద వెండి పూత ఫిల్మును చల్లగా, పొడిగా ఉంచితే ఐదువందల ఏళ్లు నిలుస్తుందని అంచనా. చదవడానికి ఒక భూతద్దం, దీపం చాలు. 2009 మార్చి 3న, పక్కనే భూగర్భ రైలు పనులు జరుగుతుండగా, కొలోన్ నగర ఆర్కైవు భవనం నేలకూలింది. అక్కడి దస్త్రాల్లో కొన్నింటి ఫిల్ములు జర్మనీ వాళ్లు కొండ సొరంగంలో దాచిన నిల్వలో భద్రంగా ఉన్నాయి. దీనికి ఎదురు ఉదాహరణ బ్రిటన్‌ది. 1086 నాటి డూమ్స్‌డే భూముల లెక్కల పుస్తకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండాయని 1986లో బీబీసీ దేశమంతటి సమాచారం సేకరించి లేజర్ డిస్కుల మీద పెట్టింది. ఇరవై ఏళ్లు తిరగకముందే వాటిని చదివే యంత్రాలు కరువయ్యాయి. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాత యంత్రాన్ని కొత్త కంప్యూటరులో అనుకరించి దాన్ని గట్టెక్కించారు. 1086 నాటి పుస్తకం చదవడానికి లాటిన్ వస్తే చాలు. అయినా కొత్తగా ఫిల్ము యంత్రాలు కొనమని నేను చెప్పను. ఇప్పటికే ఫిల్ములు ఉంటే మాత్రం, స్కాన్ చేశాం కదా అని పారేయవద్దు.

ఎక్కడ దాచాలి?

సొంత వెబ్‌సైటు, విశ్వవిద్యాలయపు డిజిటల్ భాండాగారం, బయటి ఉమ్మడి ఆర్కైవు అని మూడు దారులున్నాయి. మొదటిది అందంగా ఉంటుంది, ముందు చచ్చిపోయేదీ అదే. గ్రాంటు అయ్యాక చిరునామా రుసుము కట్టేవాళ్లుండరు. అందుకని వెబ్‌సైటును పెళ్లిపందిరిలా చూడండి. వేడుకకు వేసుకోవచ్చు కానీ కాపురం పెట్టకూడదు. ప్రదర్శనకు జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఒమేకా అనే సాఫ్ట్‌వేరు చక్కగా పనికొస్తుంది, నాలుగు రోజుల్లో నేర్చుకోవచ్చు. మెట్లుమెట్లుగా రాసిన ఆర్కైవు జాబితాకు ఏటామ్ అనే సాఫ్ట్‌వేరు మేలు. నిల్వకు, ఎంఐటీ, హెచ్‌పీ కలిసి 2002లో విడుదల చేసిన డీస్పేస్ మీద నడిచే విశ్వవిద్యాలయ భాండాగారం ఉంటే దానికే నా ఓటు. అక్కడ జీతం తీసుకుంటూ దాన్ని చూసుకునే మనిషి ఉంటారు కాబట్టి.

మాట్లాడేవారు తగ్గిపోతున్న భాషల రికార్డింగులైతే వాటికోసమే ఉన్న ఆర్కైవులు మేలు. ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు 2003లో మొదలుపెట్టిన పారడిసెక్ అలాంటిది. లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో మొదలైన అంతరించిపోతున్న భాషల ఆర్కైవు 2021లో బెర్లిన్‌కు తరలింది. ఇల్లు మారడం తప్పు కాదు. సామాను మూట కట్టి, మూట మీద చీటీ అంటించి ఉంటే ఏ ఇంటికైనా చేరుతుంది. డిజిటల్ ఫైళ్లకు ఆ చీటీ పేరు చెక్‌సమ్. ఫైలులో ఒక్క బిట్ మారినా మారిపోయే సంఖ్య అది. ప్రతి ఫైలుకూ ఆ సంఖ్య తీసి, పట్టికగా రాసి, ఫైళ్లతో పాటే ఉంచండి. ఏడాదికోసారి సరిచూడండి. ఇందుకు కొనాల్సిందేమీ లేదు, చేసే మనిషి ఉండాలంతే.

పెద్ద సంస్థ దగ్గర ఒక ప్రతి ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి మూతపడ్డాయి. మూడు ప్రతులు, కనీసం రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో వేరే యాజమాన్యం కింద. కంప్యూటరు ఫైళ్లు దాచే ఎల్‌టీఓ టేపులు చవకే కానీ కొత్త యంత్రాలు ఎంతో వెనకటి టేపులను చదవవు. తొమ్మిదో తరం యంత్రం ఎనిమిదో తరం టేపును చదువుతుంది, ఏడోదాన్ని చదవదు. వందల టెరాబైట్లు లేనివాళ్లకు ఆ తలనొప్పి అనవసరం.

నిధి ఎక్కడి నుంచి?

సొంత విశ్వవిద్యాలయం ఇచ్చే తొలి నిధి చిన్నది, త్వరగా వస్తుంది, లెక్కలు తేలిక. దాన్ని జాబితాకు, నమూనా డిజిటలీకరణకు వాడి, ఆ ఫలితాన్ని చేతిలో పట్టుకుని బయటికి వెళ్లడం తెలివైన పని. బయట ఉన్నవాటిలో రెండింటిని జనం తరచూ కలిపేసుకుంటారు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ ప్రధానంగా ఆధునిక కాలానికి ముందటి సామగ్రికి. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం 2018లో మొదలుపెట్టిన మోడర్న్ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ 20, 21 శతాబ్దాల కాగితాలకు, ఫొటోలకు, రికార్డింగులకు. రెంటి వెనకా ఉన్న దాత ఆర్కేడియా సంస్థే. బ్రిటిష్ లైబ్రరీ పథకంలో నాకు నచ్చిన నియమం, అసలు ప్రతులు దేశం దాటకూడదన్నది. డిజిటల్ ప్రతి స్థానికంగా కూడా ఉండి తీరాలి. ఇలాంటి నియమం లేని దాత ఎదురైతే మీరే రాయించుకోండి.

యంత్రం చేత చదివించాలా?

చేతిరాత చదివే సాధనాల్లో ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పెరిగిన ట్రాన్స్‌క్రిబస్ నేర్చుకోవడానికి తేలిక. ఇప్పుడది సహకార సంఘం చేతిలో ఉంది, ఒక మేర దాటితే డబ్బు కట్టాలి. పారిస్‌లో తయారైన ఈస్క్రిప్టోరియం ఉచితం, కోడ్ కూడా బహిరంగమే, కానీ మీ దగ్గర సర్వరు నడపగలిగిన మనిషి ఉండాలి. దేనికైనా ముందు మనుషులు చదివి ఇచ్చిన నమూనా కావాలి, ఐదువేల నుంచి పదిహేనువేల పదాల దాకా. ఒకే గుమస్తా చేతిరాతలో వేల పుటలుంటే ఆ శ్రమ వడ్డీతో తిరిగొస్తుంది. రెండొందల మంది రాసిన రెండొందల ఉత్తరాలైతే, యంత్రానికి నేర్పే లోపు ఇద్దరు విద్యార్థులు చదివేస్తారు.

తెరవాలా, మూయాలా?

నిధులిచ్చేవాళ్లు ‘అంతా బహిరంగం’ అనిపించుకోవడానికి ఇష్టపడతారు. అచ్చయిన పుస్తకాలకు, పాత ప్రభుత్వ కాగితాలకు నేనూ అదే అంటాను. ఒక సమూహం తమ ఆడవాళ్లు మాత్రమే వినదగినదని చెప్పి పాడిన పాటకు ఆ మాట అనలేను. ఆస్ట్రేలియాలో వారుముంగు ప్రజలతో కలిసి రూపొందించిన ముకుర్తు అనే డిజిటల్ వేదికను వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం నిర్వహిస్తోంది. ఏది ఎవరు చూడవచ్చో ఆ సమూహమే అందులో నిర్ణయించుకుంటుంది. ఇలాంటి సామగ్రి ఉన్నప్పుడు రికార్డింగుకు ముందే అడగాలి. మూసి ఉంచినదాన్ని తర్వాత తెరవవచ్చు, ఒకసారి లోకంలోకి వెళ్లినదాన్ని వెనక్కి పిలవలేం.

చేతిలో ఉన్నదాన్ని బట్టి

ఆరు నెలలైతే జాబితా ఒక్కటే. ఏడాదైతే జాబితా, పెట్టెలు, ముందు పోయేవాటి డిజిటల్ ప్రతులు. మూడేళ్లుంటే అన్నీ ఎత్తుకోవచ్చు కానీ ఆఖరి ఆరు నెలలు కొత్తగా ఒక్క పుట కూడా ఫొటో తీయకండి. ఆ సమయం ఫైళ్ల పేర్లు సరిదిద్దడానికి, చెక్‌సమ్ పట్టికలకు, అప్పగింతకు. బృందంలో గ్రంథాలయ ఉద్యోగి ఒకరు మొదటి రోజు నుంచి ఉండాలి, వారి పేరు ప్రతిపాదనలో, వ్యాసాల్లో కనిపించాలి.

ఇక కాగితం పని ఒకటుంది. ‘ప్రాజెక్టు ముగిశాక ఈ ఫైళ్లను, ఈ పెట్టెలను మేము తీసుకుని చూసుకుంటాం’ అని గ్రంథాలయాధికారి సంతకంతో ఒక ఉత్తరం. సలహా అడగడానికి వచ్చేవాళ్లను నేను ముందు అదే చూపించమంటాను. చాలామంది ‘అది తర్వాత తీసుకుంటాం, ముందు కెమెరా కొటేషన్లు చూడండి’ అంటారు. కొటేషన్లకు నెల రోజులు గడువుంటుంది, ఉత్తరం తెచ్చుకుని రమ్మని పంపేస్తాను.